చిన్న లీగు క్లబ్బుకు ఫుల్‌టైం శిక్షణా, పార్ట్‌టైం శిక్షణా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. విజయవాడలో మీరు నడుపుతున్న ఫుట్‌బాల్ క్లబ్బులో 22 మంది ఆటగాళ్లు ఉన్నారు. వారిలో చాలామంది పగలంతా ఏదో ఒక పని చేసుకుని వారానికి రెండు సాయంత్రాలు ప్రాక్టీసుకు వస్తున్నారు. ఇప్పుడొక దాత నెలకు 3 లక్షల రూపాయలు ఇస్తానని ముందుకు వచ్చారు. అందరినీ పనులు మాన్పించి ఫుల్‌టైం జట్టుగా మార్చవచ్చా, మారిస్తే వారానికి ఎన్ని రోజులు శిక్షణ పెట్టాలి, ఉదయం మంచిదా సాయంత్రం మంచిదా అన్నవి మీ ప్రశ్నలు. నేను ఒక ఆఫీసు జట్టుకు పదకొండేళ్లు ఆడి, ఆ తరువాత గుంటూరులోనూ విజయవాడలోనూ ఇరవై ఏళ్లకు పైగా కోచ్‌గా పనిచేశాను. రెండు పద్ధతులనూ దగ్గరగా చూశాను, రెండింటిలోనూ చేతులు కాల్చుకున్నాను కనుక కొంత వివరంగానే రాస్తాను. మీకు తొందరగా ఉంటే నా సమాధానం ఒక్క ముక్కలో: ఈ ఏడాది అందరినీ ఫుల్‌టైం చేయకండి, ఆ డబ్బును వారి విశ్రాంతి మీద ఖర్చు పెట్టండి.

ముందుగా మాటల సంగతి తేల్చుకుందాం. పార్ట్‌టైం అంటే అమెచ్యూర్ అనీ, ఫుల్‌టైం అంటేనే ప్రొఫెషనల్ అనీ మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. ఫిఫా నిబంధనల ప్రకారం రాతపూర్వకమైన ఒప్పందం ఉండి, ఆట కోసం తనకయ్యే ఖర్చుకు మించి డబ్బు తీసుకునే ప్రతి ఆటగాడూ ప్రొఫెషనలే. అతను పగలు బీసెంట్ రోడ్డులో బట్టల కొట్లో పనిచేస్తాడా, ఇంట్లో కూర్చుంటాడా అన్నదానితో ఆ నిర్వచనానికి సంబంధం లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పార్ట్‌టైం కుర్రాళ్లతో మన క్లబ్బులు కాగితం రాసుకోవు, మనవాడే కదా అని నోటిమాటతో సరిపెడతాయి. తీరా వాడు మంచి ఆట ఆడిన ఏడాది ఇంకో క్లబ్బు వచ్చి చేయి పట్టుకుని తీసుకుపోతే అప్పుడు తగవు పెట్టుకుంటాయి.

ఇక అసలు విషయం. ఫుల్‌టైం జట్టు అంటే రోజంతా గ్రౌండులో పరుగెత్తే జట్టు అని దాతలు నమ్ముతారు, కోచ్‌లలోనూ కొందరు నమ్ముతారు. కింది డివిజన్లలో ఉన్న ఏ ఫుల్‌టైం క్లబ్బునైనా చూడండి: ఆటగాడు ఉదయం తొమ్మిదిన్నరకో పదికో వస్తాడు, పచ్చిక మీద గంటన్నర ఉంటాడు, తరువాత కొంతసేపు జిమ్ము, భోజనం, ఒక్కోసారి వీడియో, మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికి వెళ్లిపోతాడు. వారానికి నాలుగైదు ప్రాక్టీసులు లెక్కవేసినా ఏడున్నర గంటలకు మించదు. మీ కుర్రాళ్లు రెండు సాయంత్రాల్లో మూడు గంటలు చేస్తున్నారు. అంటే గ్రౌండు మీద తేడా మూడు, నాలుగున్నర గంటలు మాత్రమే. వారంలో 168 గంటలున్నాయి. ఫుల్‌టైం జట్టు అసలు బలం మిగతా 160 గంటల్లో ఉంది. వాడు మధ్యాహ్నం పడుకుంటాడు, వేళకు తింటాడు, కాలు పట్టేస్తే ఆ రోజే ఫిజియో దగ్గర పడుకుంటాడు. క్లబ్బు అతనికిచ్చే జీతంలో ఎక్కువ భాగం అతను ఏ పనీ చేయకుండా ఉండడానికే ఇస్తోంది. ఈ మాట దాతల ముందు అంటే వారికి రుచించదు గానీ, నిజం అదే.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, ఆటోనగర్ లేత్ షాపులో పనిచేసే ఒక కుర్రవాడి వల్ల తెలిసింది. కుడివైపు హాఫ్‌లో ఆడేవాడు. సాయంత్రం ఆరింటికి సైకిలు మీద వచ్చేవాడు. చేతుల గ్రీజు పోవడానికి సర్ఫు పొడీ ఇసుకా కలిపి కుళాయి దగ్గర రుద్దుకుని, సిమెంటు సంచిలోంచి బూట్లు తీసి తొడుక్కునేవాడు. మొదటి అరగంట వాడంత ఆటగాడు జట్టులో లేడు. మ్యాచ్‌లో అరవయ్యో నిమిషం దాటితే మాత్రం పిక్కలు పట్టేసి కూలబడిపోయేవాడు. వాడికి స్టామినా లేదని తేల్చేసి, అందరూ ఇళ్లకు వెళ్లాక వాడొక్కడిచేత అదనంగా రౌండ్లు కొట్టించాను. రెండు నెలలు అలా చేశాక ఇంకా నీరసించాడు. ఒకరోజు విసుగొచ్చి, రాత్రి ఎన్నింటికి పడుకుంటావురా అని అడిగితే, "ఓవర్‌టైం ఉన్న రోజు పన్నెండు సార్, లేని రోజు పదకొండు, పొద్దున ఐదింటికి నీళ్లు పట్టాలి" అన్నాడు. రోజుకు తొమ్మిది గంటలు లేత్ ముందు సిమెంటు నేల మీద నిలబడి, ఐదారు గంటలు నిద్రపోయి వచ్చేవాడికి నేను అదనపు రౌండ్లు పెట్టాను. రౌండ్లు మాన్పించి, మ్యాచ్‌కు ముందు రెండు రోజులు ఓవర్‌టైం ఒప్పుకోకుండా షాపు యజమానిని బతిమాలి, ఆ కూలి నష్టాన్ని క్లబ్బు చేత ఇప్పించాను. మూడో మ్యాచ్‌కు తొంభై నిమిషాలూ ఆడాడు. అప్పటికి మేము వాడికి కొత్తగా నేర్పినదేమీ లేదు.

మరి ఫుల్‌టైం చేస్తే ఆ విశ్రాంతి దానంతటదే వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. రావచ్చు, కోచ్ ఊరుకుంటే. నేను ఊరుకోలేదు. కొన్నేళ్ల కిందట నేనున్న ఒక క్లబ్బుకు, పేరు అనవసరం, మీకు దొరికినట్టే ఒక దాత దొరికారు. రెండు రోజుల ప్రాక్టీసును ఒక్కసారిగా ఆరు రోజులు చేశాం. జీతం ఇస్తున్నాం కనుక కుర్రాళ్లు రోజూ గ్రౌండులో కనబడాలన్నది దాతగారి పట్టుదల, నాకు కూడా అది ముచ్చటగానే ఉండింది. నాలుగో వారంలో ముగ్గురికి హ్యామ్‌స్ట్రింగులు, అంటే తొడ వెనక కండరాలు, పట్టేశాయి, అందులో ఇద్దరు ఫార్వర్డులు. దురదృష్టం అనుకున్నాను. తరువాత లెక్క వేసుకుంటే దురదృష్టం ఏమీ కనబడలేదు.

ఆ లెక్క మీరు కూడా వేసుకోవచ్చు, దీనికి జీపీఎస్ జాకెట్లు అక్కర్లేదు. ప్రాక్టీసు అయిన అరగంటకు ప్రతి ఆటగాడినీ అడగండి: ఇవాళ ఎంత కష్టంగా అనిపించింది, పదికి ఎన్ని మార్కులు? ఆ మార్కులను నిమిషాలతో గుణిస్తే ఆనాటి భారం వస్తుంది. 75 నిమిషాల ప్రాక్టీసుకు ఏడు మార్కులంటే 525, ఐదంటే 375. తొంభై నిమిషాల మ్యాచ్‌కు తొమ్మిదంటే 810. ఇలాంటి రెండు ప్రాక్టీసులూ ఒక మ్యాచూ ఉన్న పార్ట్‌టైం వారం మొత్తం 1,710 అవుతుంది. మేము పెట్టిన వారంలో 90 నిమిషాల ప్రాక్టీసులు ఆరు, ఒక్కొక్కటి ఏడు మార్కులు, పైన మ్యాచ్: మొత్తం 4,590. ఒక్క వారంలో రెండున్నర రెట్లకు పైగా పెంచేశామన్నమాట. మ్యాచ్‌లో ఖర్చయిన గ్లైకోజెన్, అంటే పరుగుకు శక్తినిచ్చే పిండిపదార్థం నిల్వ, కండరాల్లో మళ్లీ నిండడానికే రెండు మూడు రోజులు పట్టవచ్చు. మేము సోమవారం పొద్దున్నే బస్తాలు మోయించినట్టు పరుగెత్తించాం. ఈ మార్కుల పుస్తకంలో పక్కనే ఇంకొక గడి గీయండి, అందులో ముందురాత్రి నిద్ర ఎన్ని గంటలో రాయించండి. నా అనుభవంలో ఆ రెండో గడే ఎక్కువ నిజం చెబుతుంది.

విదేశాల్లో చిన్న క్లబ్బులు ఏం చేస్తున్నాయన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే మీ దాతగారు తప్పకుండా ఏదో ఒక విజయగాథ ఉదాహరణగా చూపిస్తారు. ఇంగ్లండులో హారోగేట్ టౌన్ అనే క్లబ్బు 2017లో ఫుల్‌టైంకు మారి, 2018లో ఐదో అంచె అయిన నేషనల్ లీగుకు, 2020లో నాలుగో అంచె లీగ్ టూకు ఎదిగింది. మూడేళ్లలో రెండు మెట్లు ఎక్కడం చిన్న విషయమేమీ కాదు. అయితే ఆ క్లబ్బుకు అప్పటికే 2009 నుంచీ ఒకే మేనేజరు, సైమన్ వీవర్. ఫుల్‌టైం అనేది వారు ఎనిమిదేళ్ల పార్ట్‌టైం పునాది మీద వేసిన స్లాబు. దీనికి ఎదురుగా స్కాట్లండులోని ఆర్‌బ్రోత్ ఉంది. చేపల రేవు ఊరు, పార్ట్‌టైం జట్టు, అప్పట్లో డిక్ క్యాంప్‌బెల్ మేనేజరు. 2021–22 సీజనులో స్కాటిష్ ఛాంపియన్‌షిప్‌లో ఫుల్‌టైం జట్ల మీద ఆడుతూ రెండో స్థానంలో నిలిచింది. ఛాంపియన్ కిల్‌మార్నాక్‌కూ వారికీ తేడా రెండు పాయింట్లు. ఆర్‌బ్రోత్ లాంటి చోట పార్ట్‌టైం ఒక ఆకర్షణ కూడా. ముప్పై ఏళ్లు దాటి, మంచి ఉద్యోగం ఉండి, ఆట ఇంకా మిగిలి ఉన్నవాడు రెండు ఆదాయాల కోసం అటువంటి క్లబ్బును కోరుకుంటాడు. అటువంటివారిని కూడగట్టుకుంటే జట్టుకు అనుభవం చవకగా వస్తుంది. అదే జట్టు 2024లో కింది డివిజనుకు దిగిపోయిందని కూడా చెప్పాలి. ఏ పద్ధతీ శాశ్వతంగా కాపాడదు. ఇక అదే స్కాట్లండులో గ్రెట్నా సంగతి దాతగారికి తప్పకుండా చెప్పండి. 2002లో లీగులో చేరి, ఒకే ఒక్క ధనవంతుడి డబ్బుతో 2005, 2006, 2007లలో వరసగా మూడు ప్రమోషన్లు సాధించి, మధ్యలో 2006 స్కాటిష్ కప్ ఫైనల్ కూడా ఆడి, ఆయన ఆరోగ్యం చెడి డబ్బు ఆగిపోగానే 2008లో మూతపడింది.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు, అప్పట్లో దేశంలోని పెద్ద టోర్నీల్లో ఒకటైన రోవర్స్ కప్ గెలిచిన ఆ జట్టులో ఆడినవాళ్లు పోలీసు ఉద్యోగులు. వారికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు; 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికీ భారత జట్టును తీసుకువెళ్లింది కూడా ఆయనే. దాన్ని ఫుల్‌టైం అనాలా, పార్ట్‌టైం అనాలా? రెండూ కాదు. నెల జీతం ఉద్యోగం ఇస్తుంది, ప్రాక్టీసుకు సమయం కూడా ఉద్యోగమే ఇస్తుంది, ఆట అయిపోయాక పెన్షను కూడా అక్కడే. నేను ఆఫీసు జట్టులో ఆడిన రోజుల్లో కూడా మధ్యాహ్నం తరువాత డ్యూటీ మినహాయింపు ఉండేది. భోజనం చేసి గంట పడుకుని గ్రౌండుకు వెళ్లేవాళ్లం. ఆ గంట నిద్ర విలువ కోచ్ అయ్యాకే నాకు తెలిసింది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు బాగా తగ్గిపోయిన ఈ రోజుల్లో క్లబ్బు చేయవలసిన పని ఆ మినహాయింపును ఇంకో దారిలో సంపాదించడమే.

ఫుల్‌టైం తప్పనిసరి అయ్యే సందర్భం ఒకటుంది, దానిని శిక్షణ నిర్ణయించదు, రైలు టైంటేబుల్ నిర్ణయిస్తుంది. ఇంగ్లండులో ఆరో అంచెను ఉత్తరం, దక్షిణం అని రెండుగా విడగొట్టారు. ఎదుటి ఊరికి వెళ్లే జట్టు శనివారం బస్సెక్కి ఆ రాత్రికే ఇంటికి చేరవచ్చు, ఉద్యోగానికి సెలవు అక్కర్లేదు. పార్ట్‌టైం ఫుట్‌బాల్ అక్కడ నిలబడడానికి అదొక ముఖ్యమైన కారణం. మీరు జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆడినన్నాళ్లూ గుంటూరు, ఏలూరు, రాజమండ్రి, ఎంత లేదన్నా విశాఖపట్నం, ఆదివారంతో పని జరిగిపోతుంది. రేపు జాతీయ లీగుల కింది అంచెలకు వెళితే ఈశాన్యానికో గోవాకో ప్రయాణాలు పడతాయి; రైలులో ఒకటి రెండు రోజులు వెళ్లడానికి, అంతే రావడానికి. ఏ కొట్టు యజమాని అన్ని సెలవులిస్తాడు? ఆ స్థాయికి అర్హత వచ్చిన రోజున ఫుల్‌టైం గురించి ఆలోచించండి; అప్పుడు అది మీ ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా వచ్చి పడుతుంది.

డబ్బు లెక్కకు వస్తే, 3 లక్షలను 22 మందికి పంచితే తలకు పదమూడు వేల ఆరు వందల చిల్లర. అప్పటికి ఫిజియోకు, బంతులకు, గ్రౌండుకు, ప్రయాణాలకు పైసా మిగలదు. ఆటోనగర్‌లో పని తెలిసిన లేత్ ఆపరేటరు అంతకన్నా ఎక్కువే తెచ్చుకుంటాడు, వాడి పని పన్నెండు నెలలూ ఉంటుంది, మన సీజను ఉండదు. కాబట్టి పెళ్లయి, ఇద్దరు పిల్లలున్న మీ అనుభవజ్ఞుడైన సెంటర్ బ్యాక్ మొట్టమొదట క్లబ్బు వదిలిపోతాడు; పని లేని కుర్రవాడు మిగులుతాడు. ఫుల్‌టైంకు మారిన క్లబ్బు మొదటి ఏడాది బలహీనపడితే తరచు కారణం ఇదే.

అదే డబ్బును ఇలా వేసి చూడండి. తలకు నెలకు 5,000 రాతపూర్వక ఒప్పందం మీద ఇస్తే 1,10,000. మ్యాచ్ మరునాడు పనికి వెళ్లకుండా ఉన్నందుకు ఒక్కొక్కరికి 500 కూలి నష్టపరిహారం, నెలకు ఐదు మ్యాచ్‌లు అనుకుంటే 55,000. వారానికి మూడు పూటలు వచ్చే ఫిజియోకు 25,000. ప్రాక్టీసు తరువాత టిఫినుకు సుమారు 26,000. మొత్తం 2,16,000, ఇంకా 84,000 మిగిలింది. దాన్ని ముట్టుకోకుండా బ్యాంకులో వేస్తే పది నెలల్లో 8,40,000 అవుతుంది, దాతగారికి మనసు మారినా మీ సీజను ఆగదు. నాకు ఇది ఊహ కాదు: నేను చెప్పిన ఆ క్లబ్బులో ఐదో నెలకే దాత ఫోను ఎత్తడం మానేశారు, పనులు మానేసి వచ్చిన కుర్రాళ్లలో ఇద్దరికి పాత చోట మళ్లీ పని దొరకలేదు. వారి ఇళ్ల ముందు నుంచి వెళ్లడానికి నాకు చాలా రోజులు మొహం చెల్లలేదు.

ఎనిమిది మంది కుర్రాళ్లను ఫుల్‌టైం చేసి, మిగతావారిని పార్ట్‌టైంగా ఉంచే మధ్యేమార్గం గురించి కూడా మీరు ఒక వాక్యంలో అడిగారు. కాగితం మీద బాగుంటుంది. ఆచరణలో కోచ్ రోజూ చూసే ఎనిమిది మందే అతనికి బాగా తెలుస్తారు, తెలిసినవారినే ఆడిస్తాడు, డ్రెస్సింగ్ రూములో రెండు పంక్తులు ఏర్పడతాయి. కాలేజీ చదువులో ఉన్న పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలకు అదనంగా రెండు ఉదయాలు జిమ్ము, బంతి పని పెట్టండి, అంతవరకు తప్పులేదు. దానికి ఫుల్‌టైం అనే పేరు మాత్రం పెట్టకండి.

వారానికి ఎన్ని రోజులన్న ప్రశ్నకు, ఆదివారం మ్యాచ్ అనుకుంటే, మంగళ, గురువారాలు అందరూ కలిసి, శనివారం ముప్పావుగంట తేలికగా. మంగళవారం చిన్న గ్రౌండులో నలుగురు నలుగురు ఆడే ఆటలు, తీవ్రత అంతా అక్కడే. గురువారం జట్టు నిర్మాణం, నిలువు పరుగులు ఆరో ఎనిమిదో, వాటి మధ్య పూర్తి విశ్రాంతి. వేగంగా పరుగెత్తడం వారంలో ఒక్కసారైనా చేయని కాలు మ్యాచ్‌లో పరుగెత్తితే పట్టేస్తుంది. శనివారం కార్నర్లు, ఫ్రీకిక్కులు, త్రో ఇన్‌లు. శిక్షణ సమయం తక్కువున్న జట్టుకు వీటికన్నా గిట్టుబాటయ్యేది లేదు, ఎందుకంటే వీటికి ఊపిరి అక్కర్లేదు, జ్ఞాపకం ఉంటే చాలు. మంగళ, గురువారాల్లో వార్మప్‌గా ఫిఫా 11 ప్లస్, అంటే గాయాలు తగ్గించడానికి ఫిఫా రూపొందించిన వ్యాయామాల వరస, చేయించండి. ఇరవై నిమిషాలు పడుతుంది, బంతులూ కొన్ని కోన్లూ తప్ప పరికరాలేవీ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు గణనీయంగా తగ్గినట్టు పరిశోధనలు చూపించాయి. అందులో ఉన్న నార్డిక్ వ్యాయామాన్ని, అంటే మోకాళ్ల మీద నిలబడి వెనక ఒకరు మడమలు పట్టుకోగా మెల్లగా ముందుకు వాలడాన్ని, కుర్రాళ్లు నొప్పులని ఎగ్గొడతారు. ఎగ్గొట్టనివ్వకండి, హ్యామ్‌స్ట్రింగ్ గాయాలను దాదాపు సగానికి తగ్గించేది అదే.

చివరిది, ఉదయమా సాయంత్రమా. విజయవాడలో ఇది వాతావరణం కన్నా కొట్ల వేళలకు సంబంధించిన ప్రశ్న. బట్టల కొట్టు రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటుంది, పొద్దున పదింటికి గానీ తెరవరు. లేత్ షాపు తొమ్మిదికి మొదలవుతుంది. డిసెంబరులో సాయంత్రం ఆరింటికే చీకటి పడుతుంది, ఫ్లడ్‌లైట్లు లేని గ్రౌండులో ప్రాక్టీసు ఏముంటుంది? వేసవిలో ఐదింటికి కూడా నేల సెగలు కక్కుతుంది. రోహిణి కార్తెలో సాయంత్రం ప్రాక్టీసు పెట్టిన కోచ్‌కు కుర్రాళ్ల శాపనార్థాలు తప్పవు. ఎండాకాలం మ్యాచ్‌లుంటే ఆ వేడికి శరీరం అలవాటు పడడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది గనుక, ముందు రెండు వారాలు మాత్రం కావాలని కొంచెం ఎండపొద్దులో, నీళ్ల విరామాలతో చేయించవలసి వస్తుంది. మిగతా కాలమంతా ఉదయం పావుతక్కువ ఆరు నుంచి ఏడుంబావు వరకు నా ఓటు, చలికాలంలో మాత్రం వెలుతురు వచ్చాక మొదలుపెట్టాలి. అందుకు ముందురాత్రి కొట్టు నుంచి గంట ముందు వదలమని యజమానులను మీరే స్వయంగా వెళ్లి అడగాలి. మ్యాచ్‌కు పిలిచి ముందు వరసలో కూర్చోబెడితే చాలామంది ఒప్పుకుంటారు. ఉదయం కుదరనివాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. మా గోల్‌కీపరు తెల్లవారుజామున నాలుగింటి నుంచి తల్లితో కలిసి కొత్తపేటలో ఇడ్లీ బండి నడిపేవాడు. వాడి ప్రాక్టీసు బుధవారం సాయంత్రం నాతోనూ ఒక జూనియరు కీపరుతోనూ విడిగా జరిగేది, శనివారం మాత్రం అందరితో కలిసేవాడు. మంగళ, గురువారాల్లో జట్టు టిఫిను ఆ బండి నుంచే వచ్చేది: తలకు ఆరు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు, వాడు స్టీలు క్యారియరులో పెట్టుకుని ఏడుంబావుకల్లా గ్రౌండు గేటు దగ్గర నిలబడేవాడు.